రొట్టె వదలాలా, వద్దా?

ప్రశ్న: మాది కావలి. అమ్మ లెక్కల టీచర్. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రంకి జరిగే రొట్టెల పండుగలో మూడేళ్లు వరసగా నా కోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంది. పోయిన సంవత్సరం నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది. రాత్రింబగళ్లు కూర్చుని చదివింది నేను. ఇప్పుడేమో, ఈ మొహర్రంకి వచ్చి నీ చేత్తోనే రొట్టె వదలాలి అంటోంది. మేం ముస్లింలం కాదు, నాకు నమ్మకమూ లేదు. లెక్కలు చెప్పే మనిషికి ఇంత చిన్న లెక్క ఎందుకు తెలియదు మేడమ్?

జవాబు: నాయనా, నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైన దాన్ని. మా ఇంటి నుంచి ఆ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువుకి నడిచే పోవచ్చు. మా మేనత్త పదకొండేళ్లు సంతాన రొట్టె పట్టుకుంది. పిల్లలు కలగలేదు.

నువ్వు చెప్పే లెక్క నాకు డిగ్రీ రెండో ఏట తెలిసింది. కోరిక ఉన్నవాళ్లు ఆ చెరువులో రొట్టె పట్టుకుంటారు, అది తీరినవాళ్లే మరుసటి ఏడు రొట్టె తెచ్చి ఇంకొకరికి వదులుతారు. చెరువులో మోకాళ్ల లోతున నిలబడి, తల మీద గుడ్డ కప్పుకుని, ‘ఉద్యోగ రొట్టె, ఉద్యోగ రొట్టె’ అని కేకేసేవాళ్లంతా ఉద్యోగం వచ్చినవాళ్లే. రానివాళ్లు ఏమని కేకేస్తారు? డయాగరస్ అని పూర్వం గ్రీకుల్లో ఒక నాస్తికుడు ఉండేవాడు. మొక్కుకుని తుఫాను నుంచి బతికి బయటపడ్డవాళ్లు గుళ్లో కట్టిన పటాలు ఆయనకి చూపించారట. ‘మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల పటాలు ఎక్కడున్నాయి?’ అన్నాడట ఆయన. ఇది నాకు భలే నచ్చింది. నచ్చితే ఊరుకోను కదా, వంటింట్లో చపాతీలు కాలుస్తున్న అత్త దగ్గరికి పోయి చెప్పాను.

అత్త పెనం మీద నుంచి కళ్లు తిప్పలేదు. ‘నాకు తెలీకపోతే గదా పాపా నువ్వు చెప్పేది. ఆ కలగనిదాన్ని నేనేగా’ అంది.

ఇన్నేళ్లయినా ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా ఇళ్లల్లో సీమంతం జరిగితే అత్తని గాజులు తొడగడానికి పిలిచేవాళ్లు కాదు. పైకి ఏమీ అనరు, పళ్లెం మాత్రం ఆమె దగ్గరికి రాదు. చెరువులో అలా కాదు. ఏ ఊరో, ఏ మతమో తెలియని మనిషి, చంకలో పిల్లాడితో వచ్చి ఆమె చేతిలో రొట్టె పెట్టి, ‘నీకూ పుడతాడులే అక్కా’ అనేది. ఏడాదికి ఒక్కసారి ఆ మాట వినడానికే అత్త పోయేదని నా అనుమానం. అంతేనని తేల్చి చెప్పను, ఆమె నిజంగా నమ్మేది కూడా. పన్నెండో ఏడు ఎందుకో మానేసింది. కారణం ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఇక మీ అమ్మ సంగతి. నోటిఫికేషన్, ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ. నీకు చదవడమనే పని ఉంది. ఆమెకి టీ పెట్టి ఇవ్వడం తప్ప ఏముంది? చేతిలో పని లేని టెన్షన్ ఉంది చూశావూ, అది మనిషిని ఏదో ఒకటి చెయ్యమంటుంది. చేశాక ఫలితం వచ్చిందా, రెండూ అతుక్కుపోతాయి. పావురాలకీ ఇంతే. స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1948లో రాశాడు: పావురాలు ఏం చేసినా చెయ్యకపోయినా, టైము ప్రకారం వాటికి గింజలు పడేట్టు పెట్టాడు. గింజ పడ్డప్పుడు ఏది ఏం చేస్తోందో అదే పట్టుకుంది. ఒకటి గూట్లో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పక్షులనే కాదు, మెయిన్స్ రాసిన పెన్ను నువ్వు పారేశావా? నిజం చెప్పు.

నేనైతే పోతాను. నమ్ముతున్నానని అబద్ధం ఆడొద్దు, అమ్మ కూడా అడగకపోవచ్చు. నీ ముందుకి వచ్చి చెయ్యి చాచేది బహుశా నాలుగో అటెంప్ట్‌లో ఉన్న పిల్లాడు. రొట్టె ఇచ్చి, ఏ పుస్తకాలు చదివావో, వారానికి ఎన్ని మాక్ టెస్టులు రాశావో కూడా చెప్పు. పోవడానికి మనసొప్పకపోతే మానెయ్, ఆమె రొట్టె ఆమే వదులుకుంటుంది. ఆ లెక్క మాత్రం ఆమె దగ్గర విప్పకు. నేను విప్పి చూశాను.

ప్రశ్న: మా తాతగారి తాత ధాత కరువులో క్రైస్తవంలో కలిశారు. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఆఫీసులో ఒకాయన ‘గంజి కోసం కలిసినోళ్లు’ అని నవ్వాడు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు తారీఖులు చెప్పండి. ధాత కరువులో, అంటే 1876–78లో, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, వేలమందికి కూలి పని ఇచ్చాడు. మధ్యాహ్నం పని ఆగినప్పుడు బోధకులు వాళ్లతో మాట్లాడేవాళ్లు. అయితే కరువు నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారన్న మాట వస్తుందని ఆయనకీ తెలుసు. సహాయం అయిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

కరువుకి పదేళ్ల ముందే, 1866లో, తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య కలిశాడు. తోళ్ల వ్యాపారి. అప్పటికే విగ్రహాలు వదిలేసి, గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్న మనిషి. ఆయన వెతుక్కుంటూ పోయి చేరాడు, ఆయన వెనక చుట్టాలు కలిశారు, చుట్టాల వెనక పల్లెలు. బావ కూర్చున్న చోట బావమరిది కూర్చున్నాడు. పెళ్లి సంబంధాలు పాకినట్టే పాకింది.

అలాగని గంజికి అసలు సంబంధమే లేదని నేను అనను. ఆకలిగా ఉన్నప్పుడు పని చూపించి, మనిషిలా పేరు పెట్టి పిలిచినవాడి మాట చెవికెక్కుతుంది. అందులో సిగ్గుపడేది ఏముంది? నవ్వినాయన్ని, ఆయన ఏ వయసులో ఎన్ని మతాలు పరిశీలించి తన మతం తేల్చుకున్నాడో అడగండి. నేనైతే అయిదేళ్లప్పుడు అమ్మ కొంగు పట్టుకుని జొన్నవాడ కామాక్షమ్మ గుడికి పోయి భక్తురాలినయ్యాను. అదీ కొబ్బరి ముక్క కోసం.