అన్నయ్య డే సెంటర్‌కు నిధులు తేవాలంటే బి.కాం. మానేయాలా?

ప్రశ్న: నరసరావుపేటలో బి.కాం. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా అన్నయ్యకు 23 ఏళ్లు, ఆటిజం ఉంది. పద్దెనిమిది నిండాక స్పెషల్ స్కూలు వాళ్లు ఇక తీసుకోలేమన్నారు. మాలాంటి పది కుటుంబాలు కలిసి రెండేళ్ల కిందట సొసైటీ పెట్టి, అద్దె ఇంట్లో డే సెంటర్ నడుపుతున్నాయి. నాన్న దానికి కార్యదర్శి. నెలాఖరు వస్తే జీతాలకు తడుముకోవడమే. డాలస్‌లో ఉన్న మేనమామ స్నేహితుల చేత డబ్బు పంపిస్తానంటున్నాడు. ఇలాంటి కేంద్రాలకు నిధులు సమకూర్చే పనినే కెరీర్‌గా తీసుకోవాలనుంది. కామర్స్ వదిలేసి స్పెషల్ బి.ఇడి. (ప్రత్యేక అవసరాలున్నవాళ్లకు నేర్పే టీచర్ కోర్సు) చేయాలా, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయాలా? నాన్నేమో ముందు బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు.

జవాబు: కామర్స్ వదలకండి. నెలాఖరుకు జీతాలకు తడుముకోవడమే అన్నారు చూడండి, ఈ రంగంలో అసలు కష్టం అదే. దాన్ని తీర్చడానికి ఇంకో టీచర్ వస్తే చాలదు, లెక్కలు వచ్చిన మనిషి కావాలి. అలాంటివాళ్లు ఇటువైపు చాలా తక్కువగా వస్తారు.

ముందు ఈ డబ్బు ఎందుకు కరవో చూడండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ఆ వయసు వరకు ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష ఉంది, స్కూళ్లున్నాయి, దాతలూ ఉన్నారు. పద్దెనిమిది దాటాక హక్కులు కాగితం మీద మిగులుతాయి, వాటి వెనక కచ్చితమైన పద్దు ఉండదు. పసిపిల్లల ఫొటో చూసి చెక్కు రాసిచ్చే పెద్దమనిషే, గడ్డాలు మీసాలొచ్చిన కుర్రాడు చెవులు మూసుకుని ఊగుతుంటే ఏం చెయ్యాలో తెలియక వెనక్కి తగ్గుతాడు. ఇచ్చేవాళ్లు కూడా గది కట్టిస్తామంటారు, కంప్యూటర్లు కొనిస్తామంటారు, గోడ మీద పేరు రాయమంటారు. జీతాలకు మాత్రం చేతులు రావు.

కానీ పెద్దవాళ్ల కేంద్రమంటేనే జీతాలు. ఒక లెక్క వేసి చూద్దాం. పది మంది వచ్చే డే సెంటర్, మీలాంటి ఊళ్లో. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలే, మీ పుస్తకంలో వేరుగా ఉండొచ్చు. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు 25,000, ఇద్దరు సహాయకులకు చెరో 14,000, ఆయాకు 11,000. జీతాలే 64,000. అద్దె 18,000, ఇంటి నుంచి తెచ్చి దింపే వ్యానుకు 22,000, భోజనం, సామగ్రికి 12,000, కరెంటు, ఫోను, అకౌంట్లకు 6,000. మొత్తం నెలకు 1,22,000. ఇందులో సగానికి పైగా మనుషులకిచ్చేదే. ఒక్కో కుటుంబం 5,000 కట్టినా 50,000 వస్తుంది. మిగతా 72,000 ప్రతి నెలా ఎక్కణ్నుంచో రావాలి. అంటే ఏడాదికి 8,64,000. మీరు కెరీర్‌గా ఎంచుకుంటానంటున్న పని ఈ చివరి అంకె. అది ఒకసారి విరాళాలు పోగేస్తే తీరేది కాదు, వచ్చే ఏడాదీ అంతే మొత్తం, ధరలు పెరిగితే ఇంకాస్త ఎక్కువ.

ఆ 5,000 కూడా ఇంట్లోవాళ్ల మీద పూర్తిగా పడకుండా చూడొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 అయింది. ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా కవరేజీ ఉంది, అందులో థెరపీలకూ కొంత వస్తుంది. పది మందికీ ఈ రెండూ ఉన్నాయా? చాలా సెంటర్లలో ఈ సంగతి ఎవరూ వాకబు చెయ్యరు. వైకల్య ధ్రువపత్రం లేక పింఛను, పింఛను లేక ఫీజు ఆగిపోయినవాళ్లు తప్పకుండా ఇద్దరు ముగ్గురు ఉంటారు. దాతను వెతకడానికి ముందు చెయ్యాల్సిన పని ఇది. నేషనల్ ట్రస్ట్ 1999 చట్టం కింద వచ్చింది. తల్లిదండ్రుల సంఘాలు కూడా అందులో రిజిస్టర్ కావచ్చు. డే కేర్‌కు, పెద్దవాళ్ల వసతి గృహాలకు అక్కడ పథకాలున్నాయి. అయితే ఆ గ్రాంటు ఫలానా నెలలో వస్తుందని లెక్కేసుకుని సిబ్బందిని పెట్టుకోకండి.

ఇక సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. వినడానికి సముద్రమంత డబ్బు. కానీ మీ సొసైటీకి ఇప్పుడే రాదు. ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలి, ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఉండాలి, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారంతో రిజిస్టర్ కావాలి. (2025 నాటి ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, ఆడిటర్ల నోట ఇంకా ఆ పాత నంబర్లే వినపడతాయి.) మీది రెండేళ్ల సంస్థ. ఈ మిగిలిన ఏడాదిలో ప్రతి రసీదు, ప్రతి హాజరుపట్టీ సరిగ్గా దాచిపెట్టడమే రేపటి సీఎస్ఆర్‌కు పునాది. వికలాంగుల సంస్థ నడపడానికి హక్కుల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం దగ్గర విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలన్నది చాలామందికి గుర్తుండదు, అదీ చూసుకోండి.

ఇక్కడే మీ వృత్తి నైపుణ్యం బయటపడుతుంది. సీఎస్ఆర్ కింద ఏయే పనులు చేయొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో డే కేర్ సెంటర్లన్న మాట వృద్ధుల దగ్గర వస్తుంది. వికలాంగుల విషయానికొస్తే ప్రత్యేక విద్య, వృత్తి నైపుణ్యాలు, జీవనోపాధి అని ఉంటుంది. మీరు 'డే కేర్ నడుపుతున్నాం, జీతాలకు సాయం చేయండి' అని రాస్తే కంపెనీ కమిటీలో ఎవరో ఒకరు పక్కన పెట్టేస్తారు. అదే కేంద్రంలో కాగితపు కవర్లు చేయడం, మసాలా పొట్లాలు కట్టడం నేర్పుతున్నారనుకోండి. నేర్పే మనిషి జీతం వృత్తి శిక్షణ ప్రాజెక్టు ఖర్చులోకి వస్తుంది. ఇది మాటల గారడీ కాకూడదు. నిజంగా నేర్పుతుంటేనే రాయాలి, నేర్పకపోతే ముందు మొదలుపెట్టాలి. రాసినదానికీ జరుగుతున్నదానికీ పొంతన లేకపోతే, కంపెనీ మనిషి ఒక్క రోజు వచ్చి కూర్చుంటే తెలిసిపోతుంది.

వాళ్లు తప్పక అడిగే ప్రశ్న: ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి? పది మందిలో ఒకరికో ఇద్దరికో రావచ్చు, ఎవరికీ రాకపోవచ్చు. పెద్ద అంకె రాసి ఇరుక్కోకండి. చూపించడానికి వేరేవి ఉన్నాయి. మీ అన్నయ్య సంగతే తీసుకోండి. ఇరవై రూపాయల నోటిచ్చి వీధి చివరి కొట్టుకు పంపితే బిస్కెట్ ప్యాకెట్, మిగిలిన చిల్లర రెండూ తెస్తున్నాడా? ఆర్నెల్ల కిందట తోడు మనిషి కొట్టు దాకా వెళ్లాల్సి వచ్చేదా, ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తే సరిపోతోందా? మిక్సీ చప్పుడుకు లేచి పారిపోయేవాడు ఇప్పుడు ఎంతసేపు కూర్చుంటున్నాడు? తేదీలతో రాసిపెట్టుకుంటే ఇవన్నీ ఫలితాలే. ఇంకొకటి, దీన్ని ఎవరూ రాయరు: ఆ పది మంది తల్లుల్లో ఎంతమంది తిరిగి పనికి వెళ్లగలుగుతున్నారు? కుట్టు మిషనో, ప్రైవేటు స్కూలు ఉద్యోగమో, పొలం పనో. కొడుకు పొద్దున తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా సెంటర్‌లో ఉంటే ఇంటికి వచ్చే ఆదాయం ఎంత పెరిగింది? కంపెనీ ఫైనాన్స్ మనిషికి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. బి.కాం. చదివిన మీకూ చెప్పనక్కర్లేదు.

మేనమామ విషయంలో మాత్రం తొందరపడకండి. ఆయన స్నేహితుల్లో ఎవరిది ఏ పాస్‌పోర్టో ముందు అడగండి. హెచ్-1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నా, భారత పౌరులుగానే ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, చేతిలో ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల సంస్థ అయి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు అసలు పని మీద ఖర్చు పెట్టి ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి, పాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఇంకో సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును మీకు మళ్లించడం 2020 సవరణ తర్వాత కుదరదు. 'ముందు వెయ్యమందాం, తర్వాత చూసుకుందాం' అనే మాట మన ఇళ్లలో బాగా వినిపిస్తుంది. ఒక్క తప్పు జమ చాలు, సొసైటీకి ముందు ముందు అనుమతి రావడమే కష్టమవుతుంది.

ఊళ్లో చిన్న దాతల్ని తక్కువగా చూడకండి. నెలకు 500 చొప్పున ఇచ్చేవాళ్లు అరవై మంది దొరికితే 30,000. ఆ 72,000 లోటులో సగానికి దగ్గర. ఐతే 'పన్ను మినహాయింపు వస్తుంది' అనే పాత పాట ఇప్పుడు అందరి దగ్గరా పనిచేయదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు 80జి లాభం లేదు. సెంటర్‌కు తీసుకొచ్చి చూపించడం ఒక్కటే దారి. సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (సేవా సంస్థలు స్టాక్ మార్కెట్ ద్వారా నిధులు సేకరించే వేదిక) అని కూడా వింటారు. అక్కడ ఒకసారి సేకరించాల్సిన కనీస మొత్తమే 50 లక్షలు, ఇప్పట్లో మీ దారి కాదు.

చదువు సంగతికొద్దాం. స్పెషల్ బి.ఇడి. మంచి కోర్సే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నచోట చేయాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థ) ఈ రంగానికి పెద్ద చిరునామా, 1984 నుంచి ఉంది. కానీ మీరు అడిగింది నిధుల పని. రోజూ తరగతిలో ఉండాలని మనసులో లేకపోతే ఆ సీటు వేరేవాళ్లకు వదలండి. మీకు నా ఓటు ఎమ్మెస్‌డబ్ల్యూకే, లేదంటే డెవలప్‌మెంట్‌కు సంబంధించిన ఎం.ఎ. ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటివి ఏపీ పీజీసెట్‌తో, ఉస్మానియా తెలంగాణ సీపీగెట్‌తో, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) సీయూఈటీ పీజీతో ప్రవేశాలిస్తాయి. ఎక్కడ చేరినా ఫీల్డ్‌వర్క్ పెద్దవాళ్ల వికలాంగ సంస్థలోనే వేయించుకోండి. చిన్నపిల్లల ఎన్జీవోలు ఎటూ ఎక్కువే, డిపార్ట్‌మెంట్ వాళ్లు అటే పంపేస్తారు. ఢిల్లీలో 1991లో మొదలైన యాక్షన్ ఫర్ ఆటిజం ఒక తల్లి, మెర్రీ బరువా, మొదలుపెట్టిన సంస్థే. ఒక సంఘం అన్నేళ్లు ఎలా నిలబడిందో తెలుసుకోవడానికి అక్కడ కొన్నాళ్లు ఉండగలిగితే మంచిది. ఇంకో దారి కూడా ఉంది, నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతుంది: సీఏ ఇంటరో, సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) కోర్సో చేస్తూ ట్రస్టుల ఆడిట్లు ఎక్కువగా చూసే ఆఫీసులో పనిచేయడం. రెండేళ్లలో వంద సంస్థల లోగుట్టు తెలుస్తుంది.

మొదటి ఉద్యోగం మీ సొంత సెంటర్‌లో వద్దు. పెద్ద సంస్థ నిధుల విభాగంలోనో, కంపెనీ సీఎస్ఆర్ ఫౌండేషన్‌లోనో రెండు మూడేళ్లు చేయండి. ఫౌండేషన్‌లో అయితే బల్లకు అవతలి వైపు కూర్చుంటారు, ఏ ప్రతిపాదన ఎందుకు చెత్తబుట్టలో పడుతుందో కళ్లారా చూస్తారు. చిన్న సంస్థల్లో మొదటి జీతం బ్యాంకు క్లర్కు జీతమంత ఉండదు, ఇది నాన్నగారికి ముందే చెప్పేయండి. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. బ్యాంకు ఉద్యోగం వస్తే చేస్తూనే సొసైటీ లెక్కలు చూడొచ్చు. కాకపోతే బదిలీలుంటాయి, మార్చి నెలాఖరున బ్యాంకులోనూ ఊపిరాడదు, సీఎస్ఆర్ కంపెనీలు మిగిలిన డబ్బు హడావుడిగా ఖర్చుపెట్టేదీ అప్పుడే. రెండు పడవలూ ఒకే నెలలో మునుగుతాయి.

సొంత సెంటర్ వద్దనడానికి ఇంకో కారణం. నాన్నగారు కార్యదర్శి. మీరు అక్కడ జీతం తీసుకుంటే చట్టం కాదనదు, కానీ చేసే పనికి మించి ఇచ్చినట్టు తేలితే సొసైటీకి పన్ను, జరిమానా పడే ముప్పుంది. మిగిలిన తొమ్మిది కుటుంబాల నోళ్లు సరేసరి. తప్పదనుకుంటే మీ జీతం మీద నిర్ణయం జరిగే సమావేశంలో నాన్నగారు కూర్చోకూడదు, ఆ మాట మినిట్స్‌లో రాయాలి.

ఈ నెలలో మీరు చేయగలిగింది ఒకటి చెబుతాను. సెంటర్ రెండేళ్ల జమాఖర్చు తెచ్చుకుని నేను పైన వేసినట్టు నెల లెక్క వేయండి, లోటు ఎంతో తేల్చండి. దాంతో పాటు ఆ పది మందిలో ఎవరెవరికి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ ద్వారా లీగల్ గార్డియన్‌ను నియమించారో చూడండి. పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులు చట్టప్రకారం దానంతటదే గార్డియన్లు కారు. దాత ఇచ్చిన డబ్బు మీ అన్నయ్య పేరున డిపాజిట్ చేయాలన్నా బ్యాంకు మొదట అడిగేది ఆ కాగితమే.