నల్లమల దారిలో ఉపవాస నడక: ముందు మీ మాత్రల సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 46. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమల అడవిదారిన శ్రీశైలం నడిచి వెళ్దామని స్నేహితులం అనుకున్నాం. రెండు రోజులూ ఏమీ తినకుండా నీళ్లతోనే నడిచి, నా ఒంట్లో ఎంత ఓపిక ఉందో చూసుకోవాలని ఉంది. ఎలక్ట్రోలైట్ పౌడర్ రోజుకు ఎన్ని ప్యాకెట్లు తాగాలి? షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. మోకాళ్లు నొప్పెడితే డైక్లోఫెనాక్ వేసుకుంటాను.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ప్యాకెట్ల సంగతి తర్వాత. అసలు విషయం మీరు చివర్లో రాసిన మందుల్లో ఉంది.

మీరు తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుంది, పైగా రోజంతా నడుస్తుంటే కండరాలు కూడా రక్తంలోని గ్లూకోజ్‌ని లాగేసుకుంటాయి. షుగర్ 70 కంటే కిందికి పడితే చెమట, వణుకు, గుండెదడ, ఆ తర్వాత తికమక. గుట్ట ఎక్కేటప్పుడు చెమటా దడా అందరికీ ఉంటాయి కాబట్టి మీరూ పట్టించుకోరు, పక్కవాళ్లూ పట్టించుకోరు. గ్లూకోజ్ తాగి లేచి కూర్చున్నా, ఈ మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు.

డాపాగ్లిఫ్లోజిన్‌తో వచ్చే ఇబ్బంది వేరు. తిండి మానేసి, ఒంట్లో నీరు కూడా తగ్గితే కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే పదార్థాలు) పెరిగి రక్తంలో ఆమ్లం చేరే ప్రమాదం ఉంది. మామూలుగా ఈ స్థితిలో షుగర్ బాగా ఎక్కువ చూపిస్తుంది, ఈ మందు వాడేవాళ్లలో మాత్రం 200 లోపే ఉండొచ్చు, గ్లూకోమీటర్ చూసి అంతా బాగానే ఉందనుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి. దారిలో అడవి మధ్యనున్న పెచ్చెరువు దగ్గర మొదలైతే ఎలా చేరతారు?

ఇదంతా చదివి "సరే, ఆ రెండు రోజులు మాత్రలు మానేస్తా" అని మీరే తేల్చేసుకుంటారని నా భయం. దయచేసి ఆ పని చేయొద్దు. కార్తీకమాసంలో, శివరాత్రికి మా ఓపీకి వచ్చేవాళ్లతో మాకు సగం టెన్షన్ ఇదే, ఒకరు మాత్ర సగం విరిచి వేసుకుంటారు, ఇంకొకరు మెడికల్ షాపు అబ్బాయి చెప్పాడని అన్నీ ఆపేస్తారు. డాపాగ్లిఫ్లోజిన్‌ని ఆపరేషన్లకు ముందే కనీసం 3 రోజులు ఆపమంటారు, అంటే బయల్దేరే రోజు పొద్దున మానేస్తే లాభం లేదు. ఏది ఎప్పుడు ఆపాలో, డోసు ఎంత తగ్గించాలో మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే చెప్పాలి, ఉత్తరం చూసి నేను చెప్పను.

ఇక డైక్లోఫెనాక్. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్ర వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినొచ్చు. మీకు బీపీ ఉందో లేదో కూడా రాయలేదు.

మీరు అడిగినదానికి వస్తే, ఓఆర్ఎస్ అయితే లీటరు నీళ్లకు కలిపే పెద్ద ప్యాకెట్‌ని లీటరులోనే కలపాలి, గ్లాసులో కాదు. అందులో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది కాబట్టి మీ లెక్కలో ఉపవాసం ఎలాగూ తప్పినట్టే. అలాగని వట్టి నీళ్లు లీటర్లకు లీటర్లు తాగినా సోడియం పడిపోతుంది.

నా అభిప్రాయం అడిగితే నడకో, ఉపవాసమో ఏదో ఒకటే పెట్టుకోండి. నియమం గురించి నేను మాట్లాడను గానీ, పాలూ పండ్లూ తీసుకుంటూ ఉపవాసం ఉండేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. నడవాలనుకుంటే రెండు మూడు వారాల ముందే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), ఈసీజీ చేయించుకుని మీ డాక్టర్‌ని కలవండి. గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి మీ సంచిలోనే ఉండాలి, మీకు షుగర్ ఉందని వెంట వచ్చేవాళ్లకు తెలియాలి. వాళ్లలో ఇన్సులిన్ తీసుకునేవాళ్లుంటే ఈ జవాబు వాళ్లకు సరిపోదు, విడిగా డాక్టర్‌ని కలవమనండి.