కొండెక్కబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ప్రభువు నామంలో పిన్ని వందనాలు. మొన్న అల్లుడుగారు ఫోన్‌లో మీరు సువార్త సేవకి వెళ్లబోయే కొండ మీది గూడెం గురించి చెబుతున్నంతసేపూ వెనకాల నీ గొంతు వినపడుతుందేమోనని చూశాను. వినపడలేదు. అందుకే ఈ ఉత్తరం ఆయనకి కాక నీకు రాస్తున్నాను. చదివాక ఆయనకీ ఇవ్వు, దాచకు.

ముందు ఒక్క మాట అడుగుతాను. వెళ్లాలన్న భారం, అంటే లోపలి తపన, నీకూ ఉందా, ఆయనకుంది కదాని నువ్వు మూట కడుతున్నావా? సంఘంలో ఈ మాట ఎవరూ అడగరు. తల మీద చేతులుంచి ప్రార్థన చేసి, చేతిలో కవరు పెట్టి పంపించేస్తారు. నన్నూ అలాగే పంపారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నిజం చెప్పాలంటే, నాకు భారం పుట్టింది అక్కడికి వెళ్లిన నాలుగేళ్లకి.

ఇంగ్లండ్ నుంచి మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ గురించి మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. ఆయన భార్య డోరతీ గురించి ఒక్కటైనా విన్నావా? ఆవిడ మొదట రానంది. కడుపుతో ఉంది మరి. పెద్దకొడుకుని తీసుకుని ఆయన బయల్దేరాడు. ఓడ ఆలస్యమైతే వెనక్కి వచ్చి మళ్లీ అడిగాడు. తోబుట్టువు తోడు వస్తానన్నాక అప్పుడు సరేనంది. 1793లో బెంగాల్‌లో దిగారు. మరుసటి ఏడే వాళ్ల ఐదేళ్ల కొడుకు పీటర్ రక్తవిరేచనాలతో పోయాడు. ఆ తర్వాత ఆవిడ మనసు చెదిరిపోయింది. 1807లో కన్నుమూసేదాకా కుదుటపడలేదు. ఒక గదిలో ఆయన లేఖనాలు తర్జుమా చేస్తుంటే, పక్కగదిలో ఆవిడ ఆ స్థితిలో ఉండేది. కేరీని తప్పుపట్టడానికి నేనెంతదాన్ని! కానీ ఆ పక్కగది తలుపు కూడా ఒకసారి తీసి చూసి వెళ్లమంటున్నాను.

కాబట్టి సామాను ఎక్కించేముందు ఇద్దరూ అక్కడికి రెండుసార్లు వెళ్లి రండి. ఒకసారి కచ్చితంగా వానాకాలంలో. ఎండాకాలంలో చూసిన దారికీ, వాగు పొంగినప్పటి దారికీ పోలిక ఉండదు. ఏడాదికి ఒక నెల కిందికి దిగి రావాలని ఇప్పుడే రాసిపెట్టుకోండి. "పని ఎక్కువగా ఉంది, వచ్చే ఏడు చూద్దాం" అని ఆయన అంటారు. ఆ కాగితం తీసి చూపించు.

వెళ్లాక మొదటి ఏడాది ప్రసంగాల జోలికి పోవద్దని అల్లుడుగారికి నా మాటగా చెప్పు. ముందు భాష. అది పుస్తకంలో రాదు, నీళ్ల దగ్గర వస్తుంది, కట్టెల దగ్గర వస్తుంది. అందుకే ఆయనకంటే నీకే ముందు వస్తుంది, మీ ఇద్దరికంటే ముందు బుజ్జోడికి వస్తుంది. మీ బాబాయి తొమ్మిదో నెలలోనే తొందరపడి వాళ్ల భాషలో ప్రసంగించారు. "దేవుడు మన పాపాలు మరచిపోతాడు" అనబోయి "దేవుడు మనల్ని మరచిపోతాడు" అన్నారు, అదీ మూడుసార్లు. ఎవరూ నవ్వలేదు. తలలు వంచుకుని కూర్చున్నారు. సాయంత్రం ఒక ముసలమ్మ వచ్చి మా పాపనడిగింది, "మేమేం చేశామని మీ దేవుడు మమ్మల్ని మరచిపోతాడే?" అని. అప్పుడు నాలుగేళ్ల పిల్ల తండ్రి తప్పు దిద్దింది. ఆ రాత్రి బాబాయి అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి పాప దగ్గరే పలక పట్టుకుని కూర్చున్నారు.

మీ ఇంటికి తలుపున్నా లేనట్టే అనుకో. పొద్దున్నే నలుగురు గుమ్మంలో కూర్చుని, నువ్వు తల దువ్వుకోవడం దగ్గర్నుంచి అన్నీ చూస్తారు. మొదట్లో ఏడుపొస్తుంది. కోప్పడకు. వాళ్లు చూసేది ఆయన నీతో ఎలా మాట్లాడుతున్నాడా అని, బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తున్నారా అని. మధ్యాహ్నం ఒక గంట మాత్రం తడక వేసుకుని, ఇది మా నిద్రవేళ అని చెప్పు. నాలుగు రోజుల్లో అలవాటు పడతారు. నేనైతే ఇది చెప్పడానికి ఆరేళ్లు మొహమాటపడ్డాను.

1956లో ఈక్వడార్ అడవుల్లో వావొరానీ తెగవాళ్ల చేతిలో ఐదుగురు మిషనరీలు చనిపోయారు. రెండేళ్ల తర్వాత ఆ తెగ మధ్యకే వెళ్లి కాపురం ఉన్నది వాళ్లలో ఒకాయన భార్య ఎలిజబెత్, ఆవిడ మూడేళ్ల కూతురు, ఇంకొకాయన అక్క రేచల్. బుజ్జోడిని తీసుకెళ్లడం గురించి మీ అమ్మ దిగులుపడుతోందని తెలిసి ఇది రాస్తున్నాను. దిగులు తప్పని నేననను. పిల్లాడికి తట్టు టీకాతో సహా అన్నీ వేయించాకే కదలండి. అది వాడి కోసమే కాదు. మనం తీసుకెళ్లే దగ్గూ తట్టూ దూరంగా బతికే గూడేలకి ప్రాణాంతకం. ఒంట్లో జ్వరం ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.

ఇక మలేరియా. ఈ ఒక్క విషయంలో పిన్ని చాదస్తం భరించు. ఆ దోమ సందెవేళ నుంచి తెల్లారేదాకా కుడుతుంది. మందు పట్టించిన దోమతెరలే కొనండి. ఉతికితే నీడన ఆరేయి, ఎండలో వేస్తే మందు పోతుంది. మూడేళ్లకి మార్చు. జ్వరం వస్తే రెండు రోజులు చూద్దామనకు, అదే రోజు రక్తపరీక్ష చేయించు. ఫాల్సిపారం రకమైతే వైద్యం ఆలస్యమైన ఒక్క రోజులోనే ప్రాణం మీదికి తేగలదు. వైవాక్స్ రకం కాలేయంలో నక్కి, వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. దానికి ప్రైమాక్విన్ అనే మందు మామూలుగా 14 రోజులు ఇస్తారు. అది అందరికీ పడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ ఒంట్లో తక్కువగా ఉందేమో రక్తపరీక్షలో చూసి ఇవ్వాలి, గర్భిణులకి ఇవ్వకూడదు. డాక్టరు చెప్పకుండా మింగొద్దు, చెప్పాక మధ్యలో మానొద్దు. బాబాయి నాలుగో రోజున మానేశారు, "ప్రభువు స్వస్థపరిచాడు" అని సాక్ష్యం కూడా చెప్పారు. రెండు నెలలకి మళ్లీ వణుకుతూ మంచమెక్కారు. ప్రార్థన చేస్తూ కొండ దిగండి, ప్రార్థన ముగిశాక దిగుదామని కూర్చోవద్దు.

విరేచనాలకి ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా గోపురంగా కాదు, సమంగా గీసి కొలువు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకే ప్రమాదం.

నీ దగ్గర మందులున్నాయని తెలిస్తే అర్ధరాత్రి కూడా వస్తారు. నీకు తెలిసినంతే ఇవ్వు, తెలియనిది ఆసుపత్రికి పంపు. బిళ్ల చేతిలో పెట్టి ఆదివారం ప్రార్థనకి రమ్మనకు. పూజకి పోనని చెబితేనే మందిస్తాననే మనుషుల్ని నేను చూశాను, మన వాళ్లలోనే. అలా వచ్చినవాళ్లు జ్వరం తగ్గగానే వెళ్లిపోతారు, పాపం వాళ్ల తప్పేముంది.

నెలనెలా రిపోర్టు పంపమని సపోర్టు ఇచ్చేవాళ్లు అడుగుతారు. ఎంతమంది వచ్చారు, ఎన్ని బాప్తిస్మాలు, ఫొటోలు. అమెరికా మిషనరీ అడోనిరామ్ జడ్సన్ 1813లో బర్మా వెళితే మొదటి బాప్తిస్మం 1819లో. ఆయన ఆరేళ్ల రిపోర్టులు ఊహించుకో! లేని అంకెలు వేయొద్దని అల్లుడుగారికి గట్టిగా చెప్పు. గూడెం పిల్లల్ని చింపిరి జుట్టుతో నిలబెట్టి ఫొటోలు తీసి పంపొద్దని కూడా. మన బుజ్జోడిని ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటావా?

చివరికి పెట్టాను గానీ, నాకు అన్నిటికంటే బరువైనది ఇది. మా పెద్దాణ్ణి ఆరో ఏట హాస్టల్లో వేశాం. సేవకుల పిల్లలందరూ అలాగే వెళ్లేవాళ్లు, వేరే ఆలోచన మాకు తట్టలేదు. మొదటి సెలవులకి వచ్చినప్పుడు వాడు గుమ్మంలో నిలబడి, చెప్పులు ఎక్కడ విప్పాలని నన్నడిగాడు. సొంత ఇంట్లో. నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఊదుతున్నట్టు కూర్చున్నాను. వాడిప్పుడు నలభై దాటినవాడు, ఫోన్‌లో బాగానే మాట్లాడతాడు, "బాగున్నారా అమ్మా" అంటాడు. చెల్లెలు మాత్రం "ఏమే" అంటుంది నన్ను. బుజ్జోడిని కనీసం పదేళ్లదాకా నీ దగ్గరే ఉంచుకుని చదివించు. పొద్దున రెండు గంటలు చాలు, కానీ ఆ రెండు గంటలూ ఎవరొచ్చినా లేవకు. ఆ తర్వాత కూడా వాడు చదువుకోడానికి మీరు కిందికి దిగాల్సొస్తే దిగండి. పిలుపు తప్పారని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

ఆయనకీ నీకూ మాట పట్టింపు వస్తుంది, అక్కడ పుట్టింటికి పోవడానికి బస్సు కూడా ఉండదు. అలాంటప్పుడు నాకు రాయి. జవాబు రావడానికి ఆలస్యమైనా రాయి.

దోమతెరలు నేనే కొని పంపుతాను. మంచం పొడవూ వెడల్పూ కొలిచి రాయి. బుజ్జోడి చెప్పుల కొలత కూడా, కాగితం మీద పాదం పెట్టించి చుట్టూ గీసి పంపు.

మీ పిన్ని