పాఠకుల ప్రశ్నలు: ‘మీకెలా తెలిసింది?’ అని అడిగితే...

ప్రశ్న: నేను విశ్వవిద్యాలయంలో విశ్వకిరణాల మీద, అంటే అంతరిక్షం నుంచి భూమి మీదకు దూసుకొచ్చే కణాల మీద, పరిశోధన చేస్తున్నాను. త్వరలో జరగబోయే సైన్స్ ఫెస్టివల్‌లో మా విభాగం స్టాల్ బాధ్యత నాకు అప్పగించారు. సదస్సుల కోసం తయారుచేసిన పోస్టర్ పెడితే ఎవరికీ అర్థం కాదు. తేలిక చేసి చెప్పబోతే శాస్త్రం తప్పుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: తప్పు చెబుతానేమో అన్న భయం ఉన్నవారికే ఈ పని అప్పగించాలి, కాబట్టి మీ విభాగం సరైన మనిషినే ఎంచుకుంది. కొంత చెప్పకుండా వదిలేయడం వేరు, లేనిది చెప్పడం వేరు. విశ్వకిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యూయాన్ అనే కణం ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే సుమారు 207 రెట్లు బరువైనది అన్నారనుకోండి. చెప్పనిది చాలా మిగిలిపోతుంది గానీ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఈ హద్దు దాటనంత వరకు ఎంత తేలిక చేసినా శాస్త్రానికి లోటు రాదు.

పోస్టర్ తోటి పరిశోధకుల కోసం రాసింది, దాన్ని పక్కన పెట్టండి. ఆ చోట కణాలు వెళ్ళిన దారిని చూపించే క్లౌడ్ చాంబర్ పెట్టండి. అది గాజు పెట్టె. పైభాగంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ, అడుగున నల్లని లోహపు పలక, దాని కింద సుమారు మైనస్ 78 డిగ్రీల చల్లదనంలో ఉండే డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్). పైనుంచి దిగే ఆల్కహాల్ ఆవిరి అడుగుకు చేరేసరికి, చిన్న ఆధారం దొరికితే చాలు చుక్కగా మారే స్థితిలో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న కణం ఏదైనా అటుగా దూసుకుపోతే గాలిలో అయాన్లు (విద్యుదావేశం పొందిన అణువులు) ఏర్పడతాయి, వాటి చుట్టూ ఆవిరి చుక్కలు కడుతుంది. డ్రై ఐస్‌ను మాత్రం మీరే, చేతి తొడుగులు వేసుకుని, గాలి బాగా ఆడేచోట వాడండి.

చుట్టూ వెలుతురు తగ్గించి, పక్కనుంచి టార్చి వేసి, సందర్శకులను పెట్టె మీదకు వంగి చూడమనండి. మొదట్లో పలక మీద సన్నని తుంపర తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు మాటలతో ఆ ఖాళీని నింపకండి. కాసేపటికి వెంట్రుకంత సన్నని తెల్లగీత ఒకటి మెరిసి, ఒకటి రెండు సెకన్లలో చెదిరిపోతుంది. చూసినవారు తమంతట తాము ‘అదేమిటి?’ అని అడిగేవరకు ఆగండి. అడిగాక చెప్పే మాట మనసులో నిలిచినట్టు, అడగకముందు చెప్పింది నిలవదు. మనం చూసింది కణాన్ని కాదని, విమానం పోయాక ఆకాశంలో మిగిలే తెల్లచారలాగా అది వెళ్ళిన దారిని మాత్రమేనని తప్పకుండా చెప్పండి. అరచేయి చాపి ఉంచితే సుమారు సెకనుకొక మ్యూయాన్ దాని గుండా దూసుకుపోతూ ఉంటుందని చెబితే, పెట్టెలో చూసిన గీత ఒక్కసారిగా వారి సొంత విషయం అవుతుంది.

ఆ తర్వాత ఎవరో ఒకరు ‘ఇది ఆకాశం నుంచే వచ్చిందని మీకెలా తెలిసింది?’ అని అడుగుతారు. స్టాల్‌లో మీకు ఎదురయ్యే ప్రశ్నలన్నిటిలోకీ విలువైనది అదే, అన్నిటికన్నా ముందు దానికి సిద్ధపడండి. 1912లో విక్టర్ హెస్ అనే భౌతిక శాస్త్రవేత్త బెలూన్‌లో 5,000 మీటర్లకు పైగా ఎక్కి, నేల నుంచే వస్తుంటే పైకి పోయేకొద్దీ తగ్గాల్సిన రేడియేషన్ అలా తగ్గకపోగా పెరుగుతోందని కొలిచి చూపిన సంగతి చెప్పండి. మందంగా, పొట్టిగా కనిపించే గీతలు చాలావరకు గాలిలో ఉండే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు నుంచి వెలువడే ఆల్ఫా కణాలవని, ప్రతి గీతా ఆకాశం నుంచి వచ్చింది కాదని కూడా ఒప్పుకోండి. అత్యధిక శక్తిగల విశ్వకిరణాలు ఎక్కడ పుడుతున్నాయో ఇంకా తేలలేదని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. మీరు పరిశోధన చేస్తున్నది అలాంటివి తేలకపోవడం వల్లనే కదా.

ప్రశ్న: మా పిల్లలను సైన్స్ ఫెస్టివల్‌కు తీసుకువెళితే మెరుపులు, మంటలు ఉన్నచోటే నిలబడిపోతున్నారు. పరిశోధకులతో మాట్లాడమంటే వెనక్కి తగ్గుతున్నారు. దీనివల్ల ఉపయోగం ఉందంటారా?
— ఒక తండ్రి

జవాబు: తప్పకుండా ఉంది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాలు పిల్లల కోసం ఏర్పాటైనవే. అక్కడ మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తిని చేతపట్టి వరుస ఉపన్యాసాలు ఇచ్చారు. కొవ్వొత్తిని ఆర్పి, పైకి లేచే తెల్లని పొగకు కొంచెం దూరం నుంచే నిప్పు చూపిస్తే, మంట ఆ పొగ వెంట కిందికి పాకి ఒత్తిని మళ్ళీ అందుకుంటుంది. చూడటానికి అది వింతే, కానీ మండేది మైనపు ఆవిరి అని పిల్లవాడికి కళ్ళెదుటే రుజువవుతుంది. కాబట్టి మీ పిల్లలను మంటల దగ్గర నిలబడనివ్వండి. కదిలేముందు మాత్రం ‘ఇందులో ఏది మారిస్తే మంట రాదు?’ అని వారి చేత ఒక్క ప్రశ్న అడిగించండి. మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలకు ఇంకా తేలికైన ప్రశ్న ఉంది: ‘మీరు చేసిన ప్రయోగాల్లో ఏది పాడైంది?’ ఈ ప్రశ్న వేస్తే ఎంత గంభీరంగా ఉన్న పరిశోధకులైనా కుర్చీ దగ్గరకు జరుపుకుని చెబుతారు, నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న: ఉత్సవాల్లో పాల్గొనడం వల్ల పరిశోధన సమయం వృథా అవుతుందని సహోద్యోగులు అంటున్నారు. వారికి ఏమని జవాబు చెప్పాలి?
— ఒక అధ్యాపకుడు

జవాబు: ప్రజలకు తమ పని వివరించడం శాస్త్రవేత్తల బాధ్యతేనని బ్రిటన్‌లో రాయల్ సొసైటీ 1985లోనే నివేదిక ఇచ్చింది. 2000లో అక్కడి పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ కమిటీ మరో అడుగు వేసి, చెప్పడంతోనే సరిపోదు, ప్రజలతో సంభాషణ జరగాలి అంది. నాకు ఈ రెండో మాటే ముఖ్యం. మీ స్టాల్ బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంచి, జవాబు చెప్పలేకపోయిన ప్రతి ప్రశ్ననూ అడిగినవారి మాటల్లోనే రాసుకోండి. ఉత్సవం అయ్యాక విభాగం సెమినార్‌లో దాన్ని చదివి, సహోద్యోగులనే జవాబులు చెప్పమనండి.