టేపు తర్వాత, ముందు స్పిండిల్ సంగతి చూడు

అమలాపురం

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ రిమోట్ బొమ్మ హెలికాప్టర్ లేవబోతుంటే చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతోందని, బరువు సమానం చెయ్యడానికి ఏ బ్లేడుకి ఎంత టేపు చుట్టాలో చెప్పమని అడిగావు. టేపు సంగతి చివర్న చూద్దాం. వంగిన స్పిండిల్‌ని, అంటే రెండు బ్లేడ్లనీ పట్టి ఉంచే అడ్డ కడ్డీని, అలాగే ఉంచుకుని బ్లేడ్లు ఎన్నిసార్లు తూచినా ఆ పనంతా దండగే.

ముందు వణుకు ఏ రకమో పట్టుకో. స్కిడ్లు, అంటే కింద నిలబడే కాళ్లు, కంటికి కనబడేలా ఊగితే తప్పు పైన తిరిగే మెయిన్ రోటర్‌ది. ఊగకుండా తోక ఫిన్ (తోక చివర నిలువు రెక్క) అంచు మాత్రం మసకబడి కనిపిస్తే టెయిల్ రోటర్‌ది, అది మెయిన్ కంటే నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది కదా. ఆ తర్వాత మెయిన్ బ్లేడ్లూ, తోక బ్లేడ్లూ ఊడదీసి మోటారు తిప్పి చూడు. అప్పుడూ ఊగిందంటే బ్లేడ్ల జోలికి పోనక్కర్లేదు. రోటర్‌ని తిప్పే నిలువు కడ్డీ మెయిన్ షాఫ్ట్‌నీ దాని బేరింగుల్నీ, దాని పైన బ్లేడ్లు బిగించే హెడ్‌లో స్పిండిల్‌నీ విప్పాల్సిందే.

విప్పిన స్పిండిల్‌ని అద్దం పలక మీద దొర్లించు. వెనక టార్చిలైటు పెట్టి, కన్ను పలక మట్టానికి దించి చూడు. స్పిండిల్ కింద వెలుగు గీత వచ్చి పోతుంటే అది వంగిపోయినట్టే. సుత్తితో కొట్టి సరిచేద్దామనుకోకు, కొత్తది వెయ్యి. మెయిన్ షాఫ్ట్‌కీ ఇదే పరీక్ష. బ్లేడుని పట్టుకునే గ్రిప్ లోపలి థ్రస్ట్ బేరింగులో రెండు వాషర్ల రంధ్రాలు ఒకే కొలత ఉండవు. సాధారణంగా పెద్ద రంధ్రమున్నది హెడ్ వైపు, చిన్నది బోల్టు వైపు రావాలి. తారుమారైతే గ్రిప్ బిగుసుకుపోతుంది. మనవైపు ఉప్పుగాలి కాబట్టి గ్రీజు తగ్గితే ఆ బేరింగులోని బంతులు తొందరగా తుప్పు పడతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఎగరేసి వచ్చాక ఒకసారి తుడిచి కొత్త గ్రీజు పెట్టు. స్పిండిల్ బోల్టులకు బోల్టు వదులవకుండా పట్టే జిగురు, నీలం లాక్‌టైట్, ఒక్క చుక్క చాలు, బేరింగులోకి పోనివ్వకు.

ఇప్పుడు బ్లేడ్లు. నీది 450 సైజు మోడల్, 325 మిల్లీమీటర్ల బ్లేడ్లు. నిమిషానికి 2500 చుట్లు తిరిగేటప్పుడు, బ్లేడు మధ్యలో ఒక్క గ్రాము తేడా ఉన్నా హెడ్‌ని సుమారు 1.3 కిలోల బలంతో పక్కకి లాగుతుంది, అదీ సెకనుకు నలభై సార్లకు పైగా. అందుకే వంటింటి కాటా పనికిరాదు, నగల కొట్లో వాడే 0.01 గ్రాము చూపించేది కొనుక్కో.

చాలామంది ఇక్కడే తొందరపడి నేరుగా తూచేస్తారు. ముందు ఒక్కో బ్లేడునీ ఆరు పలకలున్న పెన్సిలు మీద అడ్డంగా నిలబెట్టి, సమంగా ఆగిన చోట గీత పెట్టు. రెండిటి బోల్టు రంధ్రాలూ కలిపి పక్కపక్కన పెడితే గీతలు కలవాలి. కలవకపోతే, ఏ బ్లేడు గీత మొదలు వైపు ఉందో దాని కొసన సన్నగా టేపు వేసి, గీతలు కలిసేదాకా సరిచెయ్. ఆ తర్వాతే తూకం. తక్కువ తూగినదానికి సరిగ్గా ఆ గీత మీదే టేపు చుట్టు, అక్కడైతే తూకం పెరుగుతుంది గానీ గీత జరగదు. టేపు ముందంచు మీదుగా చుట్టి కొసలు వెనకంచు దగ్గర కలుపు, లేకపోతే గాలికి లేచిపోతుంది. బ్లేడు చెమ్మగా ఉంటే అసలు అంటదు, స్పిరిట్‌తో తుడిచి వెయ్యి.

గ్రిప్ బోల్టులు మరీ బిగించకు. హెలికాప్టర్‌ని పక్కకి తిప్పి పట్టుకుంటే బ్లేడు తనంతట తాను నిలబడాలి, కాస్త కుదిపితే వాలిపోవాలి. బిగుసుకుపోతే తిరిగేటప్పుడు అది సొంతంగా వరసలోకి రాలేదు. హెడ్‌లో స్పిండిల్ కుదుపుని ఆపే డాంపర్ల రబ్బరు పగిలి ఉంటే రెండు వైపులా ఒకేసారి మార్చు.

ఇక ట్రాకింగ్, అంటే రెండు బ్లేడ్ల కొసలూ ఒకే ఎత్తులో తిరిగేలా చూడడం. రెండు కొసలకీ ఒకే కొలత టేపు, ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు వెయ్యి. కోతలయ్యాక తెల్లారగట్ల కల్లంలో, సముద్రగాలి మొదలవక ముందే చూసుకో. పది మీటర్ల దూరం ఉండు, దగ్గర పిల్లలూ పశువులూ లేకుండా చూడు. ఏ రంగు పైన తిరుగుతుంటే ఆ బ్లేడుని తిప్పే చిన్న కడ్డీ లింకుని ఒక చుట్టు తిప్పి పిచ్ (బ్లేడు వాలు) తగ్గించు, మళ్లీ చూడు. రెండు చుట్లు అవసరమైతే రెండో బ్లేడుకి ఒక చుట్టు పెంచు.

తీసేసిన పాత స్పిండిల్‌ని కొత్తవాటి డబ్బాలో వెయ్యకు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

ఇట్లు,
మామయ్య