అమెరికా హైస్కూల్ సాకర్: స్కోర్‌బోర్డ్ నడపమన్నారు, క్లాక్ ఎప్పుడు ఆపాలి?

మీ అమ్మాయి జట్టు హోమ్ మ్యాచ్‌కి టేబుల్ దగ్గర కూర్చుని క్లాక్ చూసుకోమన్నారని, టీవీలో మ్యాచ్‌లు చూసిన అనుభవం చాలదా అని మీరు అడిగారు. చాలదండీ. పైగా అదే మిమ్మల్ని పొరపాటు చేయిస్తుంది. టీవీలో చూసే ఆటలో అసలు సమయం రిఫరీ చేతి గడియారంలో ఉంటుంది, పోయిన సమయాన్ని చివర్లో కలుపుతారు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (అమెరికా హైస్కూల్ ఆటల నియమాలు రాసే జాతీయ సంస్థ) నియమాల ప్రకారం ఆడే హైస్కూల్ ఆటలో మామూలుగా అసలు సమయం మీ బోర్డు మీదే. 40 నిమిషాల నుంచి వెనక్కి లెక్క, సున్నా అయితే హార్న్, అంతటితో ఆ హాఫ్ అయిపోయినట్టే. రెండు హాఫ్‌ల మధ్య 10 నిమిషాల విరామం. కొన్ని రాష్ట్రాల్లో సమయం రిఫరీనే చూసుకుంటారు, కాబట్టి ఆట మొదలయ్యే ముందే ఆయన్ని అడిగి తేల్చుకోండి. ఓవర్‌టైమ్ ఉందా, ఉంటే ఎంతసేపు అన్నదీ అప్పుడే అడగండి, అదీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

క్లాక్ ఆపాల్సినవి తక్కువే: గోల్ పడినప్పుడు, పెనాల్టీ కిక్ ఇచ్చినప్పుడు, కార్డు చూపించినప్పుడు, రిఫరీ ఆపమని సైగ చేసినప్పుడు. ఎవరికైనా దెబ్బ తగిలితే మీ అంతట మీరు ఆపకండి, సైగ కోసం చూడండి. తల మీదుగా రెండు మణికట్లు అడ్డంగా పెడితే ఆపమని, చెయ్యి గుండ్రంగా తిప్పితే నడపమని. బంతి బయటికి పోయినా, ఫౌల్ అయినా, ఆఫ్‌సైడ్ అయినా, కార్నర్ అయినా క్లాక్ నడుస్తూనే ఉంటుంది. బాస్కెట్‌బాల్ టేబుల్ మీద కూర్చుని వచ్చినవాళ్ల వేలు ఇక్కడే అలవాటుగా స్విచ్ మీదికి పోతుంది.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. రెండో హాఫ్ ఆఖరి 5 నిమిషాల్లో ఆధిక్యంలో ఉన్న జట్టు సబ్‌ని (ఆడుతున్నవాళ్ల బదులు వచ్చే ఆటగత్తెని) దింపితే క్లాక్ ఆగాలి. గెలుస్తున్నవాళ్లు ఒక్కొక్కరినే నింపాదిగా నడిపించుకుంటూ కాలం గడిపేయకుండా పెట్టిన నియమం ఇది. వెనకబడిన జట్టు మార్చుకుంటే ఆపనక్కర్లేదు, స్కోరు సమంగా ఉన్నా ఆపనక్కర్లేదు. బోర్డు 5:00 చూపగానే ఎవరు ముందున్నారో ఒకసారి మనసులో అనుకోండి.

మళ్లీ నడపడంలో జరిగే తప్పు ఇంకా ఎక్కువ. ఈల వినగానే నొక్కేస్తారు. ఈల కాదు, బంతి కదలాలి. గోల్ తర్వాత కిక్కాఫ్ ఈలకీ, తన్నడానికీ మధ్య రెండు మూడు సెకన్లు పోతాయి. నాలుగు గోల్స్ పడ్డ ఆటలో అవే పదికి చేరతాయి. ఆపిన ప్రతిసారీ బోర్డు మీది అంకె కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ కూడా పక్కన నడపండి. బోర్డు చెడిపోతే రిఫరీ అడిగే మొదటి మాట “ఎంత మిగిలింది?” అనే. తేడా కనిపిస్తే మీరే సరిచేయకండి, ఆట ఆగినప్పుడు ఆయనకి చెప్పండి.

స్కోరు పుస్తకంలో మిగిలిన సమయం కాదు, గడిచిన నిమిషం రాస్తారు. మొదటి హాఫ్‌లో బోర్డు 12:31 ఉండగా గోల్ పడితే గడిచింది 27:29, అంటే 28వ నిమిషం. రెండో హాఫ్‌లో 5:10 దగ్గర పడితే 34:50కి 40 కలపాలి, 75వ నిమిషం. ఈ లెక్క గోల్ గోలలో తప్పుతుంది. ముందు బోర్డు అంకె రాసి, తీసివేత తర్వాత చేసుకోండి.

సబ్‌లు ఆట ఆగకముందే టేబుల్ దగ్గరికి వచ్చి చెప్పాలి. బంతి బయటికి పోయాక పరుగెత్తుకొచ్చిన పిల్ల మళ్లీ ఆగేదాకా నిలబడాల్సిందే, కోచ్ ఎంత అరిచినా. హార్న్ ఆట ఆగినప్పుడే మోగించాలి, రిఫరీ పిలిచాకే పిల్ల లోపలికి వెళ్లాలి. పసుపు కార్డు పడ్డ అమ్మాయి మైదానం వదలాలి, ఆమె స్థానంలో ఇంకొకర్ని పంపవచ్చు. నంబరు, నిమిషం, కార్డు రంగు రాయండి.

ఇక చివరి క్షణాలు. హార్న్ మోగేలోపు బంతి మొత్తం గోల్ గీత దాటి ఉండాలి. గాల్లో ఉండగా మోగితే అది గోల్ కాదు. పెనాల్టీ ఇచ్చాక సమయం అయిపోతే మాత్రం ఆ ఒక్క కిక్ కోసం ఆట పొడిగిస్తారు. ఆఖరి 10 సెకన్లు దగ్గర్లో ఉన్న అధికారికి వినపడేలా పైకి లెక్కపెట్టండి, ఎందుకంటే పరుగెడుతూ ఆయన బంతినీ బోర్డునీ ఒకేసారి చూడలేడు. హార్న్ దానంతటదే మోగుతుందో, మీరు నొక్కాలో వార్మప్ టైమ్‌లోనే ఒకసారి సున్నా దాకా పోనిచ్చి చూసుకోండి.

ఇంకొక్క మాట. ఉరుము వినిపించి రిఫరీ ఆట ఆపితే, చివరి ఉరుము లేదా మెరుపు నుంచి 30 నిమిషాలు లెక్క. మధ్యలో ఇంకోసారి ఉరిమితే మళ్లీ మొదటి నుంచి. ఆగినప్పటి బోర్డు అంకె, స్కోరు, బంతి ఎవరిదో రాసిపెట్టి ఆ కాగితం రిఫరీకి చూపించాకే లోపలికి వెళ్లండి.