ఎనిమిది నిమిషాల ఆడిషన్‌కి పదమూడు ట్రిక్కులు వద్దు

ప్రశ్న: నేను అనంతపురంలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ నుంచి యూట్యూబ్ చూసి మ్యాజిక్ నేర్చుకుంటున్నాను. పేకముక్కలతో ఏడు, నాణేలతో నాలుగు, తాడుతో ఒకటి, రుమాలుతో ఒకటి బాగా వచ్చు. హైదరాబాద్‌లోని ఒక ఇంద్రజాలికుల సంఘం కొత్త సభ్యుల కోసం ఆడిషన్ పెడుతోంది. ఎనిమిది నిమిషాల ప్రదర్శన, తర్వాత ఇంటర్వ్యూ. ఎలా ప్రిపేర్ కావాలి? ఇందులో చేరితే కెరీర్ ఉంటుందా? నాన్నకు పాతూరులో టైలరింగ్ షాపు ఉంది. ‘ఆడపిల్లకి గారడీ ఏంది’ అని ఆయన ఒప్పుకోవడం లేదు.
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: కెరీర్ సంగతి ముందే తేల్చేద్దాం, దానికి చిన్న జవాబు చాలు. సంఘంలో సభ్యత్వం అంటే ఉద్యోగం కాదు. మీ తప్పులు మొహం మీదే చెప్పే సీనియర్లు దొరుకుతారు, నెలకో రెండు నెలలకో స్టేజీ ఎక్కే అవకాశం వస్తుంది, ఎవరికైనా షో కుదరకపోతే మీ పేరు చెబుతారు. యూట్యూబ్‌లో దొరకనివి ఈ మూడే. వీటికోసం చేరండి. నెలజీతం కోసమైతే బీకాం పూర్తి చేయండి.

ఇక ఆడిషన్. మీరు రాసిన పదమూడు లెక్క చూస్తే, అన్నీ చూపించేయాలని మీ మనసులో ఉన్నట్టుంది. దయచేసి ఆ పని చేయకండి. మీ ఎదురుగా కూర్చునేవాళ్లకి ఆ పదమూడింటి గుట్టూ తెలుసు. వాళ్లు మీ చేతిలో మోసపోవడానికి రారు, మీరు ఎలా చేస్తారో చూడటానికి వస్తారు. ప్రపంచ ఇంద్రజాల సంఘాల సమాఖ్య ఫిస్మ్ మూడేళ్లకోసారి పోటీలు పెడుతుంది, 2025లో ఇటలీలోని టురిన్‌లో జరిగాయి. అక్కడ జడ్జీలు మార్కులు వేసేది వేటికో చూడండి: చేతి నైపుణ్యం, ప్రదర్శించే తీరు, వినోదం, అంశాల అల్లిక, కొత్తదనం, మ్యాజిక్ వాతావరణం. ఎన్ని ట్రిక్కులు చేశారన్న గడి ఎక్కడా లేదు. మీ సంఘం పద్ధతి వేరుగా ఉండొచ్చు, చూసే కళ్లు మాత్రం ఇవే.

కాబట్టి రెండు అంశాలు చాలు. మూడోది ఒకటి పర్సులో ఉంచుకోండి, ‘ఇంకోటి ఏమైనా వచ్చా?’ అని అడిగితే తీయడానికి.

ఏ రెండు? పేకముక్కలతో ఏడు వచ్చన్నారు కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేకముక్కలే తెస్తారు. నన్నడిగితే మీ ఇంట్లో ఉన్నదే వాడండి. తాడు తెంపి అతికించే అంశం మీకు వచ్చు కదా, దాన్ని నాన్నగారి కొలత టేపుతో చేయండి. టైలర్ కూతురు స్టేజీ ఎక్కి, మెడలోని టేపు తీసి, షాపు కత్తెరతో కరుక్కున కత్తిరిస్తే ఎవరైనా తల ఎత్తి చూస్తారు. ఇంచీల అంకెలు కళ్లముందే ఉంటాయి కాబట్టి ఎక్కడ తెగిందో, మళ్లీ ఎక్కడ కలిసిందో చూసేవాళ్లకి స్పష్టంగా తెలుస్తుంది. మామూలు తాడుకి ఆ సదుపాయం లేదు. అయితే టేపు తాడులాగా వంగదు, ముడి జారిపోతుంది, కత్తెర పడిన చోట అంచు తెల్లగా కనిపిస్తుంది. తాడుతో అలవాటైన కదలికలు సగం మార్చుకోవాల్సి వస్తుంది. అందుకే ఈ వారమే మొదలుపెట్టండి. చవక టేపులు ఒక డజను కొనుక్కోండి, నాన్నగారు రోజూ వాడే టేపు జోలికి మాత్రం వెళ్లకండి.

రెండోది నాణెం. ఇక్కడ ఒక చిక్కుంది. వీడియోల్లో కనిపించే నాణెం సాధారణంగా అమెరికా అర డాలరు. అది 30.6 మిల్లీమీటర్లు ఉంటుంది. మన పాత వెండి రూపాయి దాదాపు అంతే. కానీ ఇప్పుడు మన చేతుల్లో తిరిగే పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లే. వీడియో చూసి నేర్చుకున్న పట్టు దీనికి అచ్చంగా సరిపోదు. మీ అరచెయ్యి చిన్నదైతే పది బిళ్ళే మీకు సుఖం. ఆన్‌లైన్‌లో అర డాలర్లు తెప్పించుకుని డబ్బు తగలేయకండి.

పైగా పది బిళ్ళ వెనకాల మన దగ్గర ఒక కథ ఉంది. కిరాణా కొట్లో ఇస్తే ‘ఇది చెల్లదు’ అంటారు, ఆటోలో ఇస్తే వెనక్కిచ్చేస్తారు. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించింది, అయినా ఎవరు వింటున్నారు! మీ రొటీన్‌కి మాటలు ఇందులోనే ఉన్నాయి. ‘ఏమప్పా, ఇది చెల్లదంటావా? సరే, అయితే లేదనుకో’ అని గుప్పిట తెరిస్తే బిళ్ళ ఉండదు. నోటు ఇస్తే చిల్లరగా అదే బిళ్ళ తిరిగొస్తుంది. ఎంత వదిలించుకుందామన్నా వదలదు. వీడియోల్లోని ఇంగ్లిష్ మాటల్ని తెలుగు చేసి అప్పజెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. మీరు అనంతపురం మాటతో మాట్లాడండి. హైదరాబాద్ వెళ్తున్నామని యాస దాచుకోకండి.

వరుస మాత్రం టేపు ముందు, నాణెం తర్వాత. మొదటి నిమిషంలో చేతులు వణుకుతాయి, అది ఎవరికైనా మామూలే. టేపు, కత్తెర పెద్ద వస్తువులు కాబట్టి వణుకు కనపడదు. వేళ్ల మధ్య బిళ్ళ పట్టుకుంటే ఇట్టే కనపడిపోతుంది. ఇంకోమాట, మన అనంతపురం గాలికి వేళ్లు పొడిబారతాయి, అక్కడ ఏసీ హాలైతే ఇంకా ఎక్కువ. బిళ్ళ జారకుండా ఏ క్రీము ఎంత రాసుకుంటే మీ చేతికి సరిపోతుందో ఇంట్లోనే చూసుకోండి. ఆ రోజు కొత్తది ప్రయత్నించకండి.

ఇప్పుడు బట్టల సంగతి. దీని గురించి మీరు అడగలేదు కానీ మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే అనుకుంటా. మీరు నేర్చుకున్న రొటీన్లలో చాలావరకు కోటు వేసుకున్న మగవాళ్లని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. లోపల జేబు, పక్క జేబు, ప్యాంటు జేబు, పొడుగు చేతులు. రెడీమేడ్ కుర్తాకి ఒక్క జేబు ఉంటే అదృష్టం. మీ ఇంట్లోనే టైలర్ ఉన్నారు కదా! చెయ్యి కిందికి వదిలితే వేళ్లు ఎక్కడ తగులుతాయో అక్కడ జేబు నోరు ఉండాలి. వంగి వెతుక్కునే లోతు ఉండకూడదు. లోపల మందపాటి గుడ్డ వేయమనండి, లేకపోతే బిళ్ళలు టకటకమంటాయి. జేబు బరువుకి కుర్తా ఒకవైపు లాగుతోందేమో అద్దంలో చూసుకోండి. చున్నీ వద్దు, చేతికి అడ్డం పడుతుంది. ‘ఏదో దాచడానికే’ అని చూసేవాళ్లకి అనుమానం కూడా వస్తుంది.

నాన్నగారిని ఒప్పించడం ఎలా అని అడిగితే, ఈ జేబు దగ్గరే మొదలుపెట్టమంటాను. ‘నేను వెళ్తాను, వద్దనొద్దు’ అని వాదించే బదులు ‘నాన్నా, ఈ జేబు ఎక్కడ పెడితే బాగుంటుంది?’ అని అడగండి. ఆయన పనితనం అందులో కలిశాక ఆ మాట తీరే మారొచ్చు. ఆడపిల్లకి గారడీ ఏంటన్న ప్రశ్న ఆయనొక్కరిదే కాదు. లండన్‌లో 1905లో పెట్టిన మ్యాజిక్ సర్కిల్ 1991 దాకా ఆడవాళ్లని సభ్యులుగా తీసుకోలేదు. ఆ ఏడాది సోఫీ లాయిడ్ అనే ఆవిడ మగవేషం వేసుకుని, రేమండ్ లాయిడ్ అనే పేరుతో వెళ్లి వాళ్ల పరీక్ష పాసయ్యారు. చేతులు చూసి గుర్తుపడతారని గ్లౌజులు తొడుక్కుని మరీ చేశారు! నాణెంతో కుస్తీ పట్టేవాళ్లకి తెలుస్తుంది గ్లౌజులతో చేయడమంటే ఏంటో. సంఘం ఆడవాళ్లకి తలుపులు తెరిచాక ఆవిడ అసలు సంగతి బయటపెడితే, మోసం చేశావని తీసేశారు. మళ్లీ సభ్యత్వం ఇచ్చింది 2025లో. ఈ కథ నాన్నగారికి చెప్పండి. వీలైతే హైదరాబాద్‌కి ఆయన్నే తోడు తీసుకెళ్లండి.

టైమ్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఎనిమిది నిమిషాలంటే ఇంట్లో ఆరున్నరకి అయిపోవాలి. అక్కడ నవ్వులకి, ఎవరినైనా ముందుకి పిలిస్తే వాళ్లు లేచి రావడానికి మిగతాది సరిపోతుంది. 1956లో బీబీసీ టీవీలో మన దేశపు ఇంద్రజాలికుడు పి.సి.సర్కార్ ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోశాక, ఆమెని మళ్లీ లేపి చూపించకముందే కార్యక్రమం టైమ్ అయిపోయి ఆగిపోయింది. అమ్మాయి చచ్చిపోయిందేమోనని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు. ఆ దెబ్బతో సర్కార్ పేరు లండన్ అంతా మోగింది. టైమ్ దాటడం సర్కార్‌కి చెల్లింది, మనకి చెల్లదు.

ప్రాక్టీసు స్నేహితుల ముందు వద్దు. వాళ్లకి మీ ట్రిక్కులు తెలుసు, తెలియకపోయినా మెచ్చుకుంటారు. షాపులో బ్లౌజు హుక్స్ కుట్టేదాకా కూర్చుని ఎదురుచూసే కస్టమర్లు ఉంటారే, వాళ్లే మీకు సరైన జడ్జీలు. నచ్చకపోతే మొహమాటం లేకుండా ఫోన్ చూసుకుంటారు. ఏ మాట దగ్గర ఫోన్ తీశారో గమనించి ఆ మాట కోసేయండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకునేటప్పుడు ఎదురుగా మాత్రమే పెట్టకండి. పరీక్షించేవాళ్లు వరుసగా కూర్చుంటే చివరి కుర్చీల్లోంచి మీ అరచెయ్యి వెనకవైపు కనిపించొచ్చు. కెమెరాని ఎడమ మూల, కుడి మూల, కుర్చీ ఎత్తులో పెట్టి ఒక్కోసారి తీసి చూసుకోండి.

ట్రిక్ చెడిపోతే ‘సారీ’ చెప్పకండి. ఏం జరగాలో మీరు ముందే చెప్పకపోతే చెడిపోయిన సంగతి సగం మందికి తెలియదు. బిళ్ళ కింద పడిందనుకోండి, తీసుకుని ‘చూశారా, కింద పడినా ఎవరూ తీసుకోవడం లేదు’ అని కొనసాగండి.

ఇంటర్వ్యూలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ‘ఇది ఎక్కడ నేర్చుకున్నావు?’ యూట్యూబ్ అని చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఆ అంశం మొదట ఎవరిది, మీరు చూసిన మనిషి ఎవరు, అందులో మీరు మార్చింది ఏంటి, ఈ మూడూ చెప్పగలగాలి. ఇంకొకరి మాటలు, వరుస యథాతథంగా దించేస్తే ఈ రంగంలో దొంగతనం కిందే లెక్క. రెండో ప్రశ్న రహస్యాల గురించి. ఇక్కడ ఒక పని వెంటనే చేయండి: మీ ఇన్‌స్టాగ్రామ్‌లో ‘ట్రిక్ ఇదిగో’ అని గుట్టు విప్పిన రీల్స్ ఉంటే తీసేయండి. మీరు లోపలికి రాకముందే వాళ్లు చూసి ఉంటారు. మరి జనవిజ్ఞాన వేదిక వాళ్లు ఊళ్లలో బాబాల మహిమల వెనకున్న కిటుకులు విప్పి చూపిస్తారు కదా, అది తప్పా అని అడగొచ్చు. నా అభిప్రాయం చెప్తాను, మీది మీరు ఆలోచించుకోండి: జనాన్ని ముంచేవాడి కిటుకు విప్పడం వేరు, లైకుల కోసం తోటి కళాకారుడి అంశం విప్పడం వేరు. ఏ జవాబైనా ఫర్వాలేదు, తడబడకుండా చెప్పండి. ‘నాకు శక్తులున్నాయి’ అనే మాట మాత్రం సరదాకి కూడా ప్రదర్శనలో రానివ్వకండి.

పావురాలు, కుందేళ్ల ఆలోచన ఉంటే మానుకోండి. ప్రదర్శనల్లో జంతువులను వాడాలంటే 2001 నాటి నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. రామచిలుకైతే వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. మంట ఉన్న అంశాలు కూడా వద్దు.

అనంతపురం నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి నేరుగా ఆడిషన్‌కి వెళ్లొద్దు. నిద్రలేని వేళ్లు మాట వినవు. ముందురోజే వెళ్లి బంధువులింట్లో ఉండండి. సామాను బస్సు డిక్కీలో వేయకుండా ఒళ్లోనే పెట్టుకోండి. కత్తెరకి గట్టి తొడుగు ఉండాలి, రెండో కత్తెర ఇంకో సంచిలో ఉండాలి.

మళ్లీ కెరీర్ దగ్గరికొస్తే, షోల సంపాదన సీజన్‌ని బట్టి ఉంటుంది. స్కూల్ వార్షికోత్సవాలు, పుట్టినరోజులు, ఈమధ్య సంగీత్ ఫంక్షన్లు, కంపెనీల ఈవెంట్లు. మొదట్లో అది పక్క ఆదాయమే. అడ్వాన్సు తీసుకోకుండా తేదీ ఒప్పుకోకండి, బీకాం వాళ్లకి ఇది నేను చెప్పాలా! పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం ఇంద్రజాలంలో డిప్లొమా నడిపింది, ఈ ఏడాది ప్రవేశాలు ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి. తిరువనంతపురంలో ఇంద్రజాలికుడు గోపీనాథ్ ముతుకాడ్ 1996లో పెట్టిన మ్యాజిక్ అకాడమీ ఉంది. మ్యాజిక్ వచ్చినవాళ్లు మ్యాజిక్‌లోనే ఉండిపోవాలనీ లేదు. 2025లో కన్నుమూసిన బి.వి.పట్టాభిరామ్ గారు ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకుని, హిప్నాసిస్ మీదుగా వ్యక్తిత్వ వికాసం, కౌన్సెలింగ్ వైపు వచ్చారు. పదిమంది ముందు నిలబడి వాళ్ల చూపుని మనకు కావలసిన చోటికి తిప్పగలిగితే టీచింగ్‌లో, సేల్స్‌లో, యాంకరింగ్‌లో పని దొరుకుతుంది.

ఈసారి తీసుకోకపోతే ‘ఎందుకు’ అని అడగకండి, మర్యాదకి ఏదో చెప్పి పంపేస్తారు. ‘మీకు ఏ నిమిషంలో ఆసక్తి తగ్గింది?’ అని అడగండి, జవాబు అక్కడే రాసుకోండి. ఆడిషన్ తేదీ సెమిస్టర్ పరీక్షల్లో పడుతుంటే మాత్రం ఈరోజే వాళ్లకి మెయిల్ పెట్టి తర్వాతి విడత ఎప్పుడో కనుక్కోండి.